మా ఊరి పహాణీల్లో అసమానత తగ్గింది, దేశం లెక్కల్లో పెరిగింది. ఏది నమ్మాలి?

ప్రశ్న: పాలకుర్తి_బాట

అందరికీ నమస్తే. హనుమకొండలో ఎంఏ ఎకనామిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నా. మా ఊళ్లో డెబ్బై ఏళ్ల కింద భూమి ఎవరి చేతిలో ఎంత ఉండేది, ఇప్పుడు ఎంత ఉంది అని ప్రాజెక్టు కోసం లెక్క తీస్తున్నా. మాది పాలకుర్తి వైపు. విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు ఉండేవని పుస్తకాల్లో చదవడానికి చాలా ముందే మా తాత నోట విన్నాను. ఐలమ్మ తన పంట కోసం దొర మనుషులకు ఎదురు నిలబడింది కూడా మా పక్కనే. అందుకే ఈ పని మార్కుల కోసం చేసి వదిలేయాలని లేదు.

1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూములు ఎవరివో, ఎవరు దున్నుతున్నారో రాసిన రికార్డు) నకలు ఎంతో తిరిగి సంపాదించాను. ఒక ఆఫీసులో నాలుగు నెలలు రేపు రా, ఎల్లుండి రా అన్నారు, చివరికి ఒక పెద్దమనిషి దయతో దొరికింది. దాన్నీ ఇప్పటి రికార్డునూ ఎక్సెల్‌లో ఎక్కించి గిని సూచీ (అసమానత కొలిచే అంకె, సున్నా అంటే అందరూ సమానం, ఒకటికి దగ్గరైతే అంతా ఒక్కరి దగ్గరే) వేస్తే చాలా కిందికి పడిపోయింది. గ్రాఫ్ చూస్తే మా ఊళ్లో సమానత్వం వచ్చేసినట్టే ఉంది. గైడ్ సార్ కూడా బాగుంది, ఇట్లనే రాసెయ్ అన్నారు.

కానీ నాకు మనసు ఒప్పుకోవడం లేదు. గడీ కూలిపోయిన మాట నిజమే, వెట్టి పోయింది, మా వాడలో కూడా ఎకరమో అరెకరమో పట్టా ఉన్నవాళ్లు ఉన్నారు. కాని అప్పుడు వందల ఎకరాలున్న ఇంటివాళ్ల మనవలు ఇవాళ హైదరాబాద్‌లో ఏం పెట్టారో, ఎంత సంపాదించారో ఊళ్లో అందరికీ తెలుసు. మరోవైపు దేశంలో పైనున్న 1 శాతం మంది చేతిలోనే 40 శాతం ఆస్తి ఉందని చదువుతున్నా. మరి నా గ్రాఫ్ తప్పా, ఆ లెక్క తప్పా? ఇంత ఎక్కువ అసమానత ఉన్న చోట, ఇన్నేళ్ల పొడుగునా ఆస్తి పోగుపడటాన్ని అసలు ఎట్లా కొలుస్తారు? తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి, ఎంత పెద్దగా రాసినా చదువుతా.


జవాబు: ఖుష్కి_తరి

తమ్ముడూ, ముప్పై ఏళ్లు రెవెన్యూలో రికార్డుల మధ్యే బతికి రిటైర్ అయినవాణ్ని. పహాణీ సంగతి వరకు చెప్తా, లెక్కల సంగతి చదువుకున్నవాళ్లు చెప్తారు.

పహాణీ ఆస్తి కొలవడానికి పుట్టిన కాగితం కాదు. శిస్తు ఎవరి నుంచి రాబట్టాలో తెలియడానికి పుట్టింది. ఒక్కో సర్వే నంబరుకు ఎదురుగా పట్టాదారు పేరు ఒక గడిలో, నేల మీద ఉండి దున్నే మనిషి పేరు ఇంకో గడిలో ఉంటాయి. నువ్వు ఏ గడి తీసుకున్నావో రాయలేదు. ఖాస్రాలో ఈ రెండు గడులను పక్కపక్కన పెట్టి చదివితే అప్పుడు ఊరు ఎట్లా నడిచిందో కనబడుతుంది. పట్టా గడిలో ఒకే పేరు పేజీల కొద్దీ దిగుతుంది, సాగు గడిలో మాత్రం వరుసకో పేరు. ధరణి రికార్డులో ఆ రెండో గడి లేదు, అది వచ్చేటప్పటికే అనుభవదారు కాలమ్ తీసేశారు. అంటే కౌలుకు చేసేవాడు ఆ కాగితం మీద లేనే లేడు. గడులు మారిన రెండు కాగితాలను ఒకే గీతతో కలిపితే ఎట్లా?

ఇంకో చిన్న విషయం, కానీ మొత్తం లెక్క పాడుచేస్తుంది. విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లో ఉంటుంది. 12-20 అని ఉంటే పన్నెండు ఎకరాల ఇరవై గుంటలు, అంటే పన్నెండున్నర. దాన్ని 12.20 అని కొట్టావనుకో, ప్రతి వరుసలో తప్పు పడుతుంది. నలభై గుంటలకు ఎకరం, గుంటల్ని నలభైతో భాగించి కలుపు. పాత కాగితాల్లో ఫస్లీ (పాత రెవెన్యూ లెక్క) సంవత్సరం కనబడితే 590 కలుపుకో. 1358 ఫస్లీ అంటే 1948-49.

ఇక అసలు సంగతి. 1973లో భూ సంస్కరణల చట్టం వచ్చింది, 1975 జనవరి 1 నుంచి అమలైంది. ఐదుగురి కుటుంబానికి నేల రకాన్ని బట్టి తరి (నీళ్లు పారే నేల) అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి (మెట్ట నేల) అయితే 35 నుంచి 54 ఎకరాల దాకా పరిమితి. మేజర్ కొడుకు ఉంటే వాడికి వేరే లెక్క. చట్టం వస్తుందని ముందే తెలుసు కాబట్టి అంతకు చాలా ముందు నుంచే కొడుకుల పేర్ల మీదికి, కోడళ్ల మీదికి, బావమరుదుల మీదికి, ఆఖరికి జీతగాళ్ల పేర్ల మీదికి కూడా భూమి పంచి రాయించుకున్నారు. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ పేర్లన్నీ రికార్డులో గట్టిపడిపోయి ఉన్నాయి. నీ గ్రాఫ్ కిందికి పడిందంటే అందులో కొంత నిజంగా పేదవాడికి దక్కిన నేల, కొంత ఇట్లా ఒకే ఇంట్లో ముక్కలైన పేర్లు. ఏది ఎంతో పహాణీ నీకు చెప్పదు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. సాదా బైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితం మీద రాసుకుని కొనుక్కున్న చిన్న రైతులు మన వైపు లెక్కలేనంత మంది. ముప్పై ఏళ్లుగా దున్నుకుంటున్నా పట్టా పాత దొర పేరు మీదే ఉండిపోయిన నేలలు నేనే ఎన్నో చూశాను. అక్కడ కాగితం మీద దొర దగ్గరున్న భూమి నేల మీద పేదవాడిది. రెండు తప్పులూ ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయిలే అనుకోకు.


జవాబు: భద్రకాళి_కట్ట

నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను. పైన పెద్దాయన చెప్పిన రెండు మాటల్ని అంకెల్లో పెట్టి చూపిస్తా, ఎంత తేడా వస్తుందో నీకే తెలుస్తుంది.

ఒక ఊళ్లో పది ఇళ్లు ఉన్నాయనుకో. ఒక ఇంటికి 50 ఎకరాలు, ఐదు ఇళ్లకు రెండేసి ఎకరాలు, నాలుగు ఇళ్లకు గుంట కూడా లేదు. మొత్తం 60 ఎకరాలు. పది ఇళ్లనూ లెక్కలో పెడితే గిని 0.80 వస్తుంది. ఇప్పుడు పహాణీలో పేరున్న ఆరు ఇళ్లనే తీసుకో, అది 0.67కి పడిపోతుంది. ఊళ్లో ఒక్క గుంట చేతులు మారలేదు, భూమి లేనివాళ్లను మనం చూడటం మానేశాం, అంతే. నువ్వు చేసింది ఇదే అయ్యుంటుందని నా అనుమానం, ఎందుకంటే పహాణీ పట్టా గడిలో భూమి లేనివాడి పేరు ఉండే అవకాశమే లేదు. మీ వాడలో కూలి ఇళ్లు ఎన్నో ఓటరు జాబితా నుంచో రేషన్ కార్డుల నుంచో తెచ్చుకుని సున్నా ఎకరాలతో చేర్చాలి. కష్టమైన పనే, కానీ అది లేకుండా ఆ గిని ఎందుకూ పనికిరాదు.

రెండోది. ఆ 50 ఎకరాల ఇంటాయన తనవాళ్లే ఐదుగురి పేర్ల మీద పదేసి ఎకరాలు రాయించాడనుకో. కాగితం మీద ఇళ్లు పద్నాలుగు అయ్యాయి. భూమి లేని నలుగురినీ కలుపుకుని వేసినా గిని 0.52. అంటే 0.80 నుంచి 0.52కి దిగింది. ఎవరి చేతి నుంచీ ఒక్క ఎకరం పోలేదు. అందుకే పట్టాదారు పేరును యూనిట్‌గా తీసుకోకుండా వంశాన్ని తీసుకో. 1954-55లో ఉన్న ఒక్కో ఇంటి నుంచి కొమ్మలు గీసుకుంటూ ఇవాళ్టి వరకు రా.

ఇంకోటి, గిని ఒక్కదానితో ఆగకు. గిని మధ్యలో జరిగే చిన్న చిన్న మార్పులకు బాగా కదులుతుంది, కొనమీద ఏం జరిగిందో దాంట్లో విడిగా కనబడదు. పైనున్న పదో వంతు దగ్గర మొత్తంలో ఎంత శాతం ఉంది, కింది సగం దగ్గర ఎంత ఉంది, ఈ రెండు అంకెలు పక్కన పెట్టు. మా పిల్లలకు కూడా నేను ఇదే చెప్తా, ఊళ్లో కూర్చుని ఎవరికైనా చెప్పగలిగిన అంకె అది.


జవాబు: ధర్మసాగర్_పిల్ల

నేను లెక్చరర్‌ను కాదు, రీసెర్చర్‌ను కాదు. సర్వేలకు ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపే పని చేశాను. ఆస్తులు, అప్పుల మీద చేసే సర్వే పని కూడా తెలుసు. ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో మీలాంటి వాళ్లకు తెలియాలని రాస్తున్నా.

ఒక ఊళ్లో ఒక అవ్వ ఇంటికి పోయాను. రేకుల ఇల్లు, ముందు వేపచెట్టు. అప్పు ఎంత ఉందని అడిగితే లోపలికి పోయి రేకు డబ్బా తెచ్చింది. అందులో సంఘం పాస్‌బుక్, బ్యాంకులో పెట్టిన పుస్తెల తాడు రసీదు, ఇంకా ఒక నోట్‌బుక్ కాగితం మీద మనవడి చేత రాయించుకున్న లెక్క. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఎవరి దగ్గర ఎంత తెచ్చింది, ఎప్పుడు ఎంత కట్టింది, అన్నీ నోటికి చెప్పింది. గొర్రెలు ఎన్ని అంటే వాటిలో ఈనబోయేవి ఎన్నో కూడా చెప్పింది. రెండు గంటలు కూర్చున్నా, ఒక్క రూపాయి దాచలేదు. రెండోసారి పోయినప్పుడు కూడా లెక్క తప్పలేదు.

అదే నెలలో టౌన్లో ఒక కాలనీకి పోయాను. జాబితాలో పడిన ఇంటికి ఎత్తైన గేటు. వాచ్‌మన్ నా కార్డు తీసుకుని లోపలికి పోయి వచ్చి, సార్ లేరు అన్నాడు. మూడుసార్లు తిరిగాను, మూడుసార్లూ అదే మాట. నిబంధన ప్రకారం ఆ ఇంటికి బదులు ఇంకో ఇల్లు తీసుకున్నాం. ఆ బదులు ఇల్లు ఒక టీచరమ్మ ఇల్లు. ఆమె మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పింది. ఇట్లా దేశమంతా ఎన్ని గేట్ల దగ్గర జరిగి ఉంటుందో ఆలోచించండి.

తలుపు తీసిన పెద్ద ఇళ్లలో కూడా బంగారం అడిగితే ఏదో కొద్దిగా అంటారు, షేర్లు అడిగితే మా ఆడిటర్‌కు తెలుసు అంటారు. భూమి విలువకు రిజిస్ట్రేషన్ రేటే ఆధారం, హైవే పక్కన ఎకరం నిజంగా ఎంతకు పోతుందో మన దగ్గర ఎవరికి తెలియదు? పేదవాళ్ల ఆస్తి దాదాపు పూర్తిగా లెక్కలోకి వస్తుంది, ఉన్నవాళ్ల ఆస్తి సగం కూడా రాదు. సర్వేలో కనబడే అసమానత అసలు దానికంటే తక్కువే అని నేను కళ్లారా చూసి చెప్తున్నా.


జవాబు: మానేరు_ఒడ్డు

ఈ అక్క రాసింది చదివి నాకు గుండె పట్టేసినట్టయింది. మేం కంప్యూటర్ ముందు కూర్చుని దీన్నే స్పందన లోపం అని ఒక ముక్కలో రాసేస్తాం.

నేను ఈ విషయం మీదే పీహెచ్‌డీ చేస్తున్నా, దేశం మొత్తం లెక్క ఎట్లా కడతారో చెప్తా. మన దగ్గర ఆస్తులకు అసలు ఆధారం అక్క చెప్పిన ఆ ఆస్తులు, అప్పుల సర్వేనే. 1951-52లో రిజర్వ్ బ్యాంక్ చేసిన గ్రామీణ పరపతి సర్వే దాని మొదలు. 1961-62 నుంచి సుమారు పదేళ్లకోసారి జరుగుతోంది: 1971-72, 1981-82, 1991-92, 2002-03, 2013, 2019. చివరి దాంట్లో దేశమంతా కలిపి లక్షా 16 వేల కుటుంబాలు. అందులో పల్లెల్లో పైనున్న పదో వంతు దగ్గర 50.8 శాతం ఆస్తి, కింది సగం దగ్గర 10.2 శాతం. పట్టణాల్లో అవే 55.7, 6.2. ఇన్ని కోట్ల కుటుంబాల్లో లక్ష చిల్లర ఇళ్లు ఎంచుకుంటే వేల కోట్ల ఆస్తి ఉన్న కుటుంబం అందులో పడే అవకాశం లేదనే చెప్పాలి. పడినా గేటు తీయరు.

అందుకే పైకొనను వేరే చోటి నుంచి తెచ్చి అతికిస్తారు. ఫోర్బ్స్ లాంటి పత్రికల కుబేరుల జాబితా ఒక కొన, సర్వే ఇంకో కొన. మధ్యలో ఖాళీని పారెటో అనే ఇటలీ ఆర్థికవేత్త 19వ శతాబ్దం చివర్లో గమనించిన సూత్రంతో పూడుస్తారు. పైకి పోయేకొద్దీ మనుషుల సంఖ్య ఒక క్రమంలో తగ్గుతుందని ఆయన పన్ను లెక్కల్లో చూశాడు. 2024లో భారతి, ఛాన్సెల్, పికెటీ, సోమంచి కలిసి ఇట్లా అతికించి కట్టిన లెక్కలోదే నువ్వు చదివిన 40 శాతం, 2022-23కి 40.1. అదే లెక్కలో పైనున్న పదో వంతు వాటా 1961లో సుమారు 45 శాతం, 2022-23లో 65. సర్వే ఒక్కటే అయితే 50, 55 దగ్గర ఆగిన అంకె అతికించాక 65కి పోయింది. ఆ తేడాలో ఎక్కువ భాగం అక్క చెప్పిన గేట్ల వెనకదే.

ఇంకా బాధ కలిగించే సంగతి, కొలిచే సాధనాలనే మనం ఒక్కొక్కటిగా పారేసుకున్నాం. 1953లో ఎస్టేట్ డ్యూటీ అనే పన్ను వచ్చింది. మనిషి పోయాక వదిలివెళ్లిన ఆస్తి మొత్తం లెక్క చూపించాలి. చాలా దేశాల్లో వందేళ్ల ఆస్తుల చరిత్ర కట్టింది ఈ మరణానంతర లెక్కల నుంచే. ఏ వయసువాళ్లు ఏడాదికి ఎంతమంది పోతారో తెలుసు కాబట్టి, పోయినవాళ్ల ఆస్తి నుంచి బతికున్నవాళ్ల ఆస్తిని గుణించి అంచనా వేస్తారు. మన దగ్గర 1985లో దాన్ని ఎత్తేశారు. 1957లో వచ్చిన సంపద పన్నును 2015 బడ్జెట్‌లో తీసేశారు. వసూలయ్యేది తక్కువ, ఖర్చు ఎక్కువ అన్నారు. వసూలు సంగతి పక్కన పెట్టినా, ఎవరి దగ్గర ఎంత ఉందో చెప్పే కాగితం పోయింది కదా. ఆదాయపు పన్ను గణాంకాలు కూడా 2000 ప్రాంతంలో ప్రచురణ ఆగిపోయి మళ్లీ 2016లోనే వచ్చాయి. ఆస్తులు అన్నిటికంటే వేగంగా పెరిగిన కాలం అది. సరిగ్గా అప్పుడే దీపం ఆర్పేసినట్టయింది.

దక్షిణాఫ్రికా సంగతి కూడా చూడు, నీ ప్రశ్నకు చాలా దగ్గర. అక్కడ 1913 చట్టంతో నల్లవాళ్లకు దేశంలో 7 శాతం నేల మాత్రమే వదిలారు, 1936లో దాన్ని 13కి పెంచారు. 1994లో వర్ణవివక్ష పాలన పోయింది, ఓటు వచ్చింది. ఆస్తి మారిందా అని చటర్జీ, చైకా, గెథిన్ అనే పరిశోధకులు 1993 నుంచి 2017 వరకు లెక్క కట్టారు. వాళ్లకు మనకు లేనిది ఒకటి దొరికింది, పేర్లు తీసేసిన వ్యక్తిగత పన్ను రికార్డులు. వడ్డీ, అద్దె, లాభాల్లాంటి రాబడి తెలిస్తే ఆ రాబడి రావాలంటే వెనక ఎంత ఆస్తి ఉండాలో లెక్కించవచ్చు. దానికి ఇంటింటి సర్వేను, దేశం మొత్తం ఆస్తుల పట్టీని జోడించారు. పైనున్న పదో వంతు దగ్గర 85 శాతానికి పైగా ఆస్తి తేలింది. అన్నిటికంటే పైనున్న 3,500 మంది వయోజనుల దగ్గరే 15 శాతం. కింది సగం మందిని కలిపి చూస్తే ఉన్న ఆస్తి కంటే అప్పే ఎక్కువ. వర్ణవివక్ష పోయాక ఆస్తి అసమానత తగ్గిందనడానికి ఆధారం కనబడలేదని తేల్చారు. పాలన మారినా, చట్టం మారినా, పోగుపడ్డది తనంతట తాను కరగలేదు.

నీ రెండు అంకెలూ నిజమే కావచ్చు తమ్ముడూ. నువ్వు ఊరి పొలిమేర లోపల, భూమిని, పేర్లతో కొలిచావు. వాళ్లు దేశం మొత్తంలో, అన్ని రకాల ఆస్తినీ కొలిచారు. 1951లో దొర ఆస్తి అంటే నేల, గడీ, పశువులు. ఆ నేల కొంత అమ్మి 1970ల్లోనో 80ల్లోనో హైదరాబాద్‌లో ప్లాట్లు కొన్న మనిషి మీ పహాణీలోంచి మాయమవుతాడు. మీ ఊరి అసమానత తగ్గుతుంది, ఆయన మాత్రం తగ్గడు.


ప్రశ్నించినవారు: పాలకుర్తి_బాట

అందరికీ చేతులెత్తి దండం. రాత్రంతా కూర్చుని ఎక్సెల్ మళ్లీ తెరిచాను. పెద్దాయన చెప్పిన గుంటల తప్పు నేను చేశాను, ప్రతి వరుసలో. సాగు గడి అసలు ఎక్కించనే లేదు. భూమి లేని ఇళ్లు కూడా లేవు. అంటే మా సొంత ఇల్లే నా లెక్కలో లేదు, మా తాతకు 1954లో భూమి లేదు. ఇది తట్టినప్పుడు చాలాసేపు అట్లనే కూర్చుండిపోయాను.

గైడ్ సార్‌తో మాట్లాడాను, ఇంకో రెండు నెలలు టైం ఇస్తామన్నారు. వంశాల పట్టిక తయారు చేద్దామనుకుంటున్నా, మొదట ఓ పన్నెండు ఇళ్లు. ఊరు వదిలిపోయిన కుటుంబాల ఆస్తి ఎట్లా తెలుసుకోవాలో మాత్రం అంతు పట్టడం లేదు. అడిగితే చెప్పరు కదా.


జవాబు: మానేరు_ఒడ్డు

అడగకు, ఊళ్లో నీ కుటుంబం ఉంది, జాగ్రత్త. ఆ ఇళ్ల నుంచి ఎవరైనా ఎన్నికల్లో పోటీ చేసి ఉంటే వాళ్ల అఫిడవిట్ బహిరంగంగా దొరుకుతుంది. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2003 నుంచి అభ్యర్థులు ఆస్తులు, అప్పులు ప్రకటించాల్సిందే. మిగతావాళ్లను ఊరు వదిలిన ఇళ్లు అని ఒక విడి వరుసగా పెట్టి, వాళ్లు అమ్మిన నేల ఎంత, ఏ ఏడాది, ఎవరికి అని మాత్రం రాయి. విలువ వేయకు. ఎవరి పేరూ రాయకుండా ఇంటికో నంబరు ఇవ్వు.


జవాబు: ఖుష్కి_తరి

పన్నెండు ఇళ్లు మంచిదే తమ్ముడూ. కానీ వంశం గీసేటప్పుడు మగ పిల్లలతో ఆపకు, ఆడపిల్లలకు పసుపు కుంకుమ కింద రాసిన నేల అల్లుళ్ల ఇంటిపేర్ల మీద పక్క ఊళ్ల రికార్డుల్లో ఉంటుంది. మీ ఊళ్లో ఎనభై దాటిన ముసలోళ్లు ఎంతమంది ఉన్నారో చూసుకో, ముందు వాళ్ల దగ్గరికి పో, కాగితాలు ఎక్కడికీ పోవు. ఖాస్రా నకలు పట్టుకుపోయి సర్వే నంబర్లు చదవకు, చెలక పేరు చెప్పి అడుగు. ఏ చెలక ఎవరు దున్నేవారో వాళ్లకు ఇప్పటికీ గట్టుతో సహా గుర్తుంటుంది. పాత పేజీల్లో ఉర్దూ ఉంటే ఫోటో తీసి పంపు, నేను చదివి చెప్తా.